లేటుగా వెళ్లిన రిఫరీకి మామయ్య ఉత్తరం

కోడలు పిల్లా,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను. పన్నెండేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 20 నిమిషాలు లేటుగా వెళ్లావనీ, ఆట అయ్యాక ఒక కోచ్ నీకు చెయ్యి కూడా కలపకుండా వెళ్లిపోయాడనీ రాశావు. ఫోన్లో మాట్లాడితే సగం నవ్వులాటలోనే పోతుందని ఇలా రాస్తున్నాను. ఎందుకు లేటయిందో నువ్వు రాసిన పెద్ద పేరా మాత్రం నేను చదవలేదు. కోపం తెచ్చుకోకు. మైదానంలో కూడా ఎవరూ దాన్ని వినరు. "ఆలస్యమైంది, క్షమించండి" అని ఇద్దరు కోచ్‌లకీ ఒక్కసారి చెప్పి పనిలో పడాలి. కారణాలు మొదలుపెడితే ఇంకో మూడు నిమిషాలు పోతాయి, అంతే.

రిఫరీ రాని మైదానం ఎలా ఉంటుందో నీకు తెలియదు. ఆ టైమ్‌కి నువ్వు అక్కడ లేవు కదా! విజిల్ పట్టకముందు కొన్నేళ్లు కోచ్‌గా ఉన్నాను కాబట్టి నాకు బాగా తెలుసు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ పట్టించుకోరు. పదో నిమిషానికి తల్లిదండ్రుల చూపులు గేటు వైపు తిరుగుతాయి. పిల్లలు అప్పటికే వార్మప్ ముగించి ఉంటారు. గాయాలు కాకుండా చేయించే ఫిఫా 11 ప్లస్ లాంటి వార్మప్ సరిగ్గా చేస్తే 20 నిమిషాలు పడుతుంది. ఒంట్లో పుట్టిన ఆ వేడి నువ్వు వచ్చేదాకా ఆగదు. గోల్‌కీపర్ పిల్ల గ్లవ్స్ తీసి గడ్డి మీద పెడుతుంది, మళ్లీ తొడుక్కుంటుంది, మళ్లీ తీస్తుంది. ఇంకో ఇద్దరు గోల్‌పోస్ట్ పై కమ్మీ పట్టుకుని ఊగుతుంటారు. ఈ ఊగడం గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. చివరికి ఎవరో ఒక తండ్రి "పోనీ నేను విజిల్ వేస్తాను" అంటాడు. అవతలి టీమ్ వాళ్ల మొహాలు మారిపోతాయి.

ఒకప్పుడు ఆట ఇంచుమించు అలాగే నడిచేదిలే. టీమ్‌కొక అంపైర్ ఉండేవాడు. వాళ్లిద్దరికీ పొసగకపోతే గీత అవతల నిలబడ్డ రిఫరీని అడిగేవారు. 1891లో రిఫరీని మైదానంలోకి తెచ్చి, అంపైర్లని లైన్స్‌మెన్‌గా మార్చారు. అంటే నిన్న నీ పుణ్యమా అని ఆ పిల్లలు 20 నిమిషాలు 1891కి ముందుకాలంలో గడిపారన్నమాట. సరే, నా చాదస్తం నాది.

అసలు విషయానికొస్తాను. లేటవుతుందని తెలిసిన క్షణంలో ఫోన్ చెయ్యాలి, లేటయ్యాక కాదు. నీకు మ్యాచ్ అప్పగించినవాళ్లకి చెప్పు, కోచ్‌ల నంబర్లు ఉంటే వాళ్లకీ చెప్పు. పది నిమిషాలు పడుతుందనిపిస్తే పదిహేను అని చెప్పు. "దగ్గర్లోనే ఉన్నా" అనే మాట మాత్రం చచ్చినా వాడకు. టైమ్ ఇంత అని కచ్చితంగా తెలిస్తే కోచ్ పిల్లల్ని కూర్చోబెట్టి నీళ్లు తాగించి, నువ్వు వచ్చే ముందు మళ్లీ కాస్త పరుగెత్తిస్తాడు. తెలియకపోతే పిల్లలు అలా నిలబడే ఉంటారు.

రిఫరీ కోసం ఎంతసేపు ఆగాలి, రాకపోతే ఎవరు నడపాలి అన్నది ఒక్కో లీగ్‌లో ఒక్కోలా ఉంటుంది. నీ లీగ్ రూల్స్‌లో ఏముందో ఈ వారమే చదువు. నువ్వు వెళ్లేసరికి ఇంకెవరో ఆట మొదలుపెట్టేసి ఉంటే విజిల్ ఊదుతూ లోపలికి దూసుకెళ్లకు. రూల్స్‌లో వేరే ఏమీ లేకపోతే హాఫ్‌టైమ్‌దాకా మైదానం పక్క గీత, అదే టచ్‌లైన్, దగ్గర ఆగి, అప్పుడు అడుగు.

ఇప్పుడు నా కథ. రిఫరీగా నాకది రెండో ఏడు. పాతిక నిమిషాలు లేటుగా వెళ్లాను. హాఫ్‌కి 25 నిమిషాల మ్యాచ్. గేటు దాటానో లేదో నాలుగు వైపుల నుంచీ "మొదలుపెట్టండి సార్, మొదలుపెట్టండి" అని అరుపులు. సిగ్గుతో తల వంచుకుని నేరుగా మధ్య గీత దగ్గరికెళ్లి టాస్ వేసేశాను. గోల్‌పోస్ట్‌లు చూడలేదు. అవి ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకునే రకం. ఆట మొదలైన ఏడెనిమిది నిమిషాలకి బంతి అవతలి కొసన ఉంది. ఊరికే నిలబడలేక ఈ వైపు గోల్‌కీపర్ ఎగిరి పై కమ్మీ పట్టుకుని వేలాడాడు, మ్యాచ్‌కి ముందు వేలాడినట్టే. పోస్ట్ వెనక కమ్మీ నేల మీంచి జానెడు లేచింది. వాడు వదిలేశాడు, అది ధబ్బున మళ్లీ నేలకి తగిలింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. ఆట ఆపి వెళ్లి చూస్తే, వెనక బరువుగా వేయాల్సిన ఇసుక బస్తాలు కంచె పక్కన పడున్నాయి. అవి మోసుకొచ్చి వేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

గోల్‌పోస్ట్‌ని నేలకి గట్టిగా బిగించాలని ఫుట్‌బాల్ నియమాల్లో మొదటిదైన లా 1లోనే ఉంది. అలా బిగించనివి మీదపడి పిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. అందుకే ఎంత లేటయినా, ఎవరెంత అరిచినా, ముందు రెండు పోస్ట్‌ల దగ్గరికీ వెళ్లి చేత్తో పట్టుకుని గట్టిగా ఊపి చూడు. తర్వాత రెండు టీమ్‌లనీ వరసలో నిలబెట్టు. మోకాలి కింద కట్టుకునే షిన్‌గార్డ్‌లు ఉన్నాయా, బూట్ల కింద స్టడ్స్ పగిలి పదునుగా ఉన్నాయా, చెవులకి, చేతులకి ఏమైనా పెట్టుకున్నారా చూడు. కమ్మలకి టేప్ వేసుకున్నామంటారు. టేప్ కుదరదు, తీసేయాల్సిందే. బంతిని రెండు చేతులతో నొక్కి చూడు. ఇదంతా కలిపి ఐదారు నిమిషాల పని. మిగిలిన టైమ్ ఎక్కడ కోసినా ఇక్కడ కొయ్యకు.

ఇక ఆ రోజు చేసిన రెండో తప్పు. సెకండ్ హాఫ్ సగంలో ఉండగా తర్వాతి మ్యాచ్ వాళ్లు వచ్చేశారు. గీత పక్కన బంతులు తన్నుకుంటూ నా వైపే చూస్తున్నారు. నాకు టెన్షన్ పట్టుకుని 15 నిమిషాలకే విజిల్ వేసేశాను. ఒక గోల్ వెనకబడి ఉన్న టీమ్ కోచ్ నన్ను ఒక్క మాట అనలేదు. దగ్గరికొచ్చి తన వాచీ నా ముందు పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఫిర్యాదు వెళ్లింది. మ్యాచ్ మళ్లీ ఆడించారు, వేరే రిఫరీతో.

లా 7 ప్రకారం రెండు హాఫ్‌లూ సమానంగా ఉండాలి. టైమ్ తగ్గించాలంటే రిఫరీ, రెండు టీమ్‌లూ ఆట మొదలవకముందే ఒప్పుకోవాలి, దానికి లీగ్ రూల్స్ కూడా ఒప్పుకోవాలి. కాబట్టి టాస్ దగ్గరే అడుగు: "మైదానం ఎన్నింటిదాకా మనది? 25 బదులు 20, 20 ఆడదామా?" ఇద్దరు కోచ్‌లూ సరేనంటే నీ స్కోరు రాసుకునే కార్డు మీద రాసుకో. ఒకరు కాదంటే పూర్తి టైమ్ ఆడించు. తర్వాతి మ్యాచ్ సంగతి నిర్వాహకులతో మాట్లాడు. హాఫ్‌టైమ్‌ని మొత్తానికే ఎగ్గొట్టే ఆలోచన కూడా వద్దు, ఆ విరామం ఆటగాళ్ల హక్కు.

నీ మెసేజ్‌లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ కోచ్ మొదటి నుంచీ ప్రతి ఆఫ్‌సైడ్‌కీ అరుస్తూనే ఉన్నాడు, "తప్పు నాదే కదా" అని ఊరుకున్నానన్నావు. అక్కడే నీకు తేడా కొట్టింది. నీ ఆలస్యం ఆయనకి నువ్వు పడ్డ బాకీ కాదు, అరుపులు భరించి తీర్చడానికి. కోచ్ అరుపు మొదటి పది నిమిషాల్లో ఆగకపోతే సెకండ్ హాఫ్‌కి అదే మాట పిల్లల నోట వస్తుంది. కిక్‌ఆఫ్‌కి ముందు మైదానం చూడటానికి అడుగుపెట్టినప్పటి నుంచే నీ అధికారం మొదలవుతుంది. లేటుగా అడుగుపెట్టినా అది అంతే ఉంటుంది, తరుగు ఉండదు. మొదటిసారి ఆగి, దగ్గరికెళ్లి, నెమ్మదిగా చెప్పు. రెండోసారి కార్డు తియ్యి. అలాగని లోకువ కట్టేస్తారన్న భయంతో మొదటి ఫౌల్‌కే పసుపు కార్డు తీసే రిఫరీలూ ఉన్నారు. పదకొండేళ్ల పిల్లాడి మీద నీ ప్రతాపం చూపించకు, వాడు నీకోసం ఎదురుచూశాడు, అంతే.

ఇకనుంచి అరగంట ముందుండు. దీని గురించి ఇంతకంటే రాసేది లేదు.

రిపోర్టులో ఆలస్యం గురించి రాయాలా అని అడిగావు. రాయాలి. కిక్‌ఆఫ్ అసలు ఎన్నింటికి జరగాలో, ఎన్నింటికి జరిగిందో, హాఫ్ ఎన్ని నిమిషాలకి ఒప్పుకున్నారో రాయి. లేటు నీవల్లేనని ఒక్క వాక్యంలో రాయి. ఆ కోచ్ కూడా రాసే ఉంటాడు. నీ రిపోర్టు, ఆయన రిపోర్టు పక్కపక్కన పెట్టి చదివేవాళ్లకి టైములు కలవాలి. ముందు నాకు పంపి చూపించాలనుకోకు, రాత్రిలోగా నేరుగా లీగ్ వాళ్లకే పంపు. అది కూడా లేటు చెయ్యకు.

నీ మామయ్య