చెన్నై పరంగి కొండకూ ఎవరెస్టు శిఖరానికీ సంబంధం ఏమిటి?

మద్రాసు మెట్రోలో సెయింట్ థామస్ మౌంట్ (పరంగి కొండ) స్టేషన్ దగ్గర దిగే మన తెలుగువారు చాలామంది దానిని చర్చి ఉన్న కొండగానే ఎరుగుదురు. కాని 1802 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ ఆ కొండ సమీపం నుంచి దక్షిణాన పెరుంబాక్కం వైపు సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలవడంతోనే భారతదేశాన్ని త్రిభుజాలుగా అల్లుకుంటూ కొలిచిన మహా త్రికోణమితి సర్వే మొదలైంది. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని చివరి రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకు అందుతాయి కాబట్టి, మొదటి రేఖను తప్పు లేకుండా కొలిస్తే, ఆపైన కోణాలు కొలిచే పరికరమైన థియోడొలైటుతో కోణాలు మాత్రమే చూసుకుంటూ త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ పోవచ్చు.

అసలు చిక్కంతా ఆ మొదటి రేఖలోనే ఉంది. కొలతకు వాడిన 100 అడుగుల ఉక్కు గొలుసు మద్రాసు ఎండకు సాగుతుంది. అందుకే దానిని చెక్క పెట్టెలలో పరచి, ముక్కాలి స్టాండ్ల మీద సమతలంగా నిలిపి, నీడ కల్పించి, ఉష్ణమాపకాలు చూసి లెక్క సవరించేవారు. ఇలా సుమారు 400 సార్లు గొలుసు పరచడానికి 57 రోజులు పట్టింది.

1823లో లాంబ్టన్ మరణించాక బాధ్యత జార్జ్ ఎవరెస్టుకు వచ్చింది. హిమాలయ శిఖరానికి 1865లో ఆయన పేరే పెట్టారు. కొండకు దగ్గరలోనే ఉన్న గిండీ ఇంజినీరింగ్ కళాశాల కూడా 1794లో సర్వే పాఠశాలగా పుట్టినదే.