స్టైపెండ్ వాటా: లక్షా ఎనిమిది వేలా, ఇరవై నాలుగు వేలా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో చిన్న బిల్డర్‌ని. 2023 జనవరి నుంచి డిసెంబరు దాకా పదో తరగతి పాసైన ఆరుగురు కుర్రాళ్లను తాపీ పనిలో అప్రెంటిస్‌లుగా పెట్టుకుని, నెలకు తలకి 6,000 ఇచ్చాను. అందులో కేంద్ర పథకం (ఎన్‌ఏపీఎస్) కింద నాకు రావాల్సిన 1,500 చొప్పున మొత్తం 1,08,000 రాలేదు. మధ్యలో రూల్ మార్చి కుర్రాళ్ల ఖాతాల్లో వేశారట. నా భార్య గాజులు తాకట్టు పెట్టి వాళ్లకు జీతాలిచ్చాను. ప్రభుత్వం మీద కేసు వేయవచ్చా? కుర్రాళ్ల నుంచి వెనక్కి తీసుకోవచ్చా? పాత తేదీలతో వోచర్లు రాసిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు.

జవాబు: గాజుల సంగతి కోర్టు అడగదు. అడిగేది ఒక్కటే. ఏ కుర్రాడి ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఏ రోజున నమోదైంది, ఆ తర్వాత మీ ఖాతా నుంచి అతని ఖాతాకు ఎంత వెళ్లింది?

మీరు పంపిన కాగితాల్లో నలుగురి ఒప్పందాలే ఉన్నాయి. మిగతా ఇద్దరివి "అకౌంటెంట్ చేశాననుకున్నాడు" అని రాశారు. పోర్టల్ పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే ఉందట. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు బస్తాలు మీరే లెక్కపెట్టుకుంటారు కదా, ఇదెందుకు చూసుకోలేదు? ఒప్పందం లేకుండా పెట్టుకున్నవాడు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాదు, పనివాడు. ఆ ఇద్దరినీ క్లెయిమ్‌లో కలిపితే, కనీస వేతనం తేడా కట్టమని వాళ్లే మిమ్మల్ని అడగొచ్చు.

ఇక ఆ నలుగురి లెక్క. మార్చి దాకా నగదు ఇచ్చారు, దానికి రుజువు లేదు. ఏప్రిల్ నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చారు. 2023 ఆగస్టు 11న పథకంలో డీబీటీ (నేరుగా ఖాతాలో డబ్బు వేసే పద్ధతి) మొదలైంది. అప్పటి నుంచి ప్రభుత్వ వాటా, అంటే స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500, నేరుగా అప్రెంటిస్ ఖాతాకే వెళ్తోంది. మీరు కట్టాల్సింది మిగతా భాగమే. కాబట్టి మీరు గట్టిగా అడగగలిగింది ఏప్రిల్ నుంచి జులై దాకా, నలుగురికి 1,500 చొప్పున 24,000.

ఆగస్టు తర్వాత తెలియక పూర్తి 6,000 ఇచ్చారు. పొరపాటున ఇచ్చింది తిరిగి అడిగే హక్కు కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్‌లో ఉంది. కానీ అది పొరపాటేనని రుజువు చేయాల్సింది మీరే. అయిదు నెలలు పోర్టల్ తెరిచి చూడని యజమానిని, "సార్ ఇష్టపడే ఇచ్చారు" అనే కుర్రాళ్లను పక్కపక్కన పెడితే జడ్జి ఎవరిని నమ్ముతారో ఆలోచించండి. ఆ డబ్బు వదిలేయండి.

వోచర్ల సంగతి. మీరు పంపిన నమూనా ఫోటో పెద్దది చేసి చూశాను. తేదీ 2023 ఫిబ్రవరి. అడుగున చిన్న అక్షరాల్లో ప్రింటింగ్ ప్రెస్ వేసిన సంవత్సరం 2025. కింద ఆరు సంతకాలూ ఒకే పెన్ను, ఒకే వంపు. ఇది కోర్టులో పెడితే పోయేది 24,000 కాదు, మీరే. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద ఫోర్జరీ, దాన్ని వాడటం. 318 కింద మోసం. కన్సల్టెంట్ వాటా 20 శాతమట, వోచర్ మీద సంతకం మాత్రం మీది. ఆ ఫోటోను ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి. నగదు తీసుకున్న మాట నిజమైతే, కుర్రాళ్ల చేత ఈ రోజు తేదీతోనే రసీదు రాయించుకోండి. దాని బలం తక్కువే కానీ, అబద్ధం కాదు.

దావా వేయడానికి గడువు మూడేళ్లు. వాటా రావాల్సిన రోజు నుంచే లెక్కేసుకోమంటాను. ఏప్రిల్ వాటా మేలో రావాలంటే, 2026 మేతో దాని గడువు సరి. ఏ నెల వాటాకు ఆ నెల గడువే. ఆఫీసుకు ఎన్ని ఉత్తరాలు రాసినా గడువు పెరగదు, అధికారి సంతకంతో బాకీ ఒప్పుకున్న కాగితం గడువు లోపు వస్తే తప్ప. ప్రభుత్వం మీద దావాకు ముందు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు గడువులోంచి మినహాయిస్తారు.

ఈ వారమే పాస్‌వర్డ్ మీ చేతికి తీసుకోండి. నలుగురి ఒప్పందాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి. మీ పేరున క్లెయిమ్ నమోదైందా, ఏమైంది అని అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ కార్యాలయానికి పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. జవాబుకు 30 రోజులు. అసలు క్లెయిమే పెట్టలేదని తేలితే, దావా ఖర్చు 24,000 దాటక ముందే నాకు రాయండి.