రీసెట్ కొడితే పోయే ఫాల్ట్ ఎక్కడికి పోతుంది?

మీ ప్రశ్న చదవగానే మా బిల్డింగ్ గ్రౌండ్ ఫ్లోర్‌లోని సెక్యూరిటీ గది కళ్ల ముందు మెదిలింది. మీ దగ్గరా అదే కథ: ఫైర్ అలారం ప్యానెల్ మీద పసుపు లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది, రీసెట్ కొడితే పోతుంది, రెండు మూడు రోజులకు మళ్ళీ వస్తుంది. టెక్నీషియన్ వచ్చేసరికి ఏమీ ఉండదు. చివరికి ఆయన డిటెక్టర్లన్నీ, అదే పొగను పసిగట్టే డబ్బాలన్నీ, మార్చేద్దాం అంటున్నాడు, మార్చమంటారా అని కదా అడిగారు? మార్చకండి. కనీసం ఇప్పుడే మార్చకండి. మేం మూడుసార్లు ఒక్కో డిటెక్టర్ మార్చాం. మూడుసార్లూ ఫాల్ట్ తిరిగి వచ్చింది.

మాది ఏడో అంతస్తు. అమ్మకు మోకాళ్ళు పనిచేయవు, మెట్లు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మంటలు వస్తే లిఫ్ట్ వాడకూడదు. అంటే మాకు అందరికంటే ముందు తెలియాలి, అందరికంటే ఎక్కువ టైం కావాలి. అందుకే ఈ ప్యానెల్ గురించి నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. మా అసోసియేషన్‌లో కొందరికి అది నచ్చదు, అయినా మాట్లాడతాను.

ఒకరోజు తెల్లవారుజామున ఊరికి బయల్దేరుతూ సెక్యూరిటీ గది ముందు ఆగాను. ప్యానెల్ మీద పసుపు లైటు వెలుగుతోంది కానీ శబ్దం లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే బజర్ రంధ్రం మీద రెండు పొరల టేపు అంటించి ఉంది. డ్యూటీలో ఉన్నతన్ని అడిగాను. "ఇది రోజూ ఇంతే మేడమ్, పొద్దునయ్యేసరికి అదే పోతుంది. పైవాళ్ళు నిద్ర పట్టడం లేదని తిడుతుంటే టేపు వేశాం" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఎర్ర లైటుకూ పసుపు లైటుకూ తేడా ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఎర్ర లైటు వెలిగితే ఎక్కడో పొగో మంటో ఉందని. పసుపు వెలిగితే అక్కడ మంట వచ్చినా ప్యానెల్‌కు తెలియకపోవచ్చని. నా దృష్టిలో రెండోది తక్కువ ప్రమాదమేమీ కాదు.

అతను అన్న ఒక్క మాట మాత్రం మనసులో ఉండిపోయింది. "పొద్దునయ్యేసరికి అదే పోతుంది." టెక్నీషియన్ ఎప్పుడూ పదకొండు తర్వాతే వచ్చేవాడు. ఆ టైముకు ఫాల్ట్ ఉండదు. ఉత్త చేతులతో వెళ్ళలేక ఒక డిటెక్టర్ మార్చి, బిల్లు రాసి వెళ్ళేవాడు. మెయింటెనెన్స్ కాంట్రాక్టుల మీద నా పెద్ద కంప్లయింట్ ఇదే. ఫాల్ట్ వచ్చే వేళకు ఎవరూ రారు, ఫాల్ట్ లేని వేళ వచ్చి "అంతా ఓకే" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం పెట్టేది కూడా మనమే.

నేను చేసిన మొదటి పని ఒక నోట్‌బుక్ పెట్టించడం. టేపు తీసేశాం. బజర్ మోగిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ జోన్, బయట వాతావరణం ఎలా ఉంది, ఎప్పుడు ఆగింది అని రాయమన్నాను. పంతొమ్మిది రోజుల్లో పదకొండుసార్లు వచ్చింది. అన్నీ నాలుగో జోన్‌వే, అంటే నాలుగో అంతస్తువే. తొమ్మిదిసార్లు తెల్లవారుజామున మూడుకీ ఏడుకీ మధ్య. మిగిలిన రెండూ జోరుగా వాన పడిన మధ్యాహ్నాల్లో. డిటెక్టర్ పాడైతే గడియారం చూసుకుని పాడవదు కదండీ. తెల్లవారుజామునా, వానలోనా వస్తోందంటే చలి, తేమ. చలికీ తేమకీ ముందు లొంగేది తీగ, జాయింటు, స్క్రూ. ఎవరేమన్నా సరే, వచ్చిపోయే ఫాల్ట్ అంటే ముందు వైరింగే అని నేను నమ్ముతాను. డిటెక్టర్‌ను ఆఖరున అనుమానించాలి.

ఆ పసుపు లైటు ఎందుకు వెలుగుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది పాత తరహా, జోన్ల వారీ ప్యానెల్. అంతస్తులోని డిటెక్టర్లన్నీ ఒకే జత తీగ మీద వరుసగా ఉంటాయి. ఆ తీగ చివర చిన్న రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే ముక్క) ఒకటి పెడతారు. మా దాంట్లో 4.7 కిలో ఓమ్‌లది, కంపెనీని బట్టి విలువ మారుతుంది. దాని గుండా ఎప్పుడూ కొంచెం కరెంటు పోతూ ఉంటుంది. ఆ కొంచెం కరెంటు కనబడినంతసేపూ తీగ చివరిదాకా బాగుందని ప్యానెల్‌కు ధైర్యం. పొగ వస్తే డిటెక్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, అది అలారం. తీగ ఎక్కడైనా తెగితే కరెంటు ఆగిపోతుంది, అది ఫాల్ట్. తెగిన చోటుకు అవతల ఉన్న డిటెక్టర్లన్నీ అప్పుడు గోడకు కొట్టిన ప్లాస్టిక్ డబ్బాలే.

నోట్‌బుక్ తీసుకెళ్ళి చూపించాక కంపెనీ వాళ్ళు వేరే టెక్నీషియన్‌ను పంపారు. చిన్న కుర్రాడు, ఓపిక ఉన్నవాడు. ఉదయం ఐదింటికి రమ్మంటే వచ్చాడు. అతను చేసింది నాకు బాగా నచ్చింది. నాలుగో అంతస్తులో పద్నాలుగు డిటెక్టర్లు. ఏడోదాని దగ్గర తీగ విప్పి, చివరి రెసిస్టర్‌ను తెచ్చి తాత్కాలికంగా అక్కడ పెట్టాడు. రెండు రాత్రులు ఫాల్ట్ రాలేదు. అంటే మొదటి సగం బాగుంది, దోషం రెండో సగంలో ఉంది. తర్వాత రెసిస్టర్‌ను పదోదాని దగ్గరికి జరిపాడు. ఆ తెల్లవారే ఫాల్ట్ వచ్చింది. ఇక ఏడుకీ పదికీ మధ్య వెతికితే చాలు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉన్న జంక్షన్ బాక్స్ నీళ్ళ పైపులు వెళ్ళే డక్ట్‌లో ఉంది. మూత తీయగానే ముగ్గురం ఒకేసారి "అదిగో" అన్నాం. టెర్మినల్ పచ్చగా చిలుము పట్టి ఉంది, ఒక స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. తెల్లవారుజామున పైపు చల్లబడి దాని మీద నీళ్ళు పట్టేవి, చుక్కలు ఆ బాక్స్‌లోకి కారేవి. ఎండెక్కి ఆరాక అదే అతుక్కునేది. ఏ డిటెక్టర్ మారిస్తే ఇది బాగవుతుంది?

ఒక జాగ్రత్త. అలా తీగ విప్పి ఉంచిన రాత్రుల్లో ఆ అంతస్తులో కొంత భాగానికి అలారం లేనట్టే. మేం ఆ ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పి, సెక్యూరిటీవాళ్ళు ప్రతి అరగంటకూ ఆ అంతస్తంతా తిరిగి వచ్చేలా ఏర్పాటు చేశాం. మీరూ అలా చేయించండి. ఇన్సులేషన్ టెస్ట్ అని ఎవరైనా మెగ్గర్ (తీగ పైపొర బాగుందో లేదో చూసే మీటర్) తెస్తే, ముందు డిటెక్టర్లన్నీ తీగ నుంచి విడదీశారో లేదో అడగండి. అది మామూలుగా 500 వోల్టులు పంపిస్తుంది, తీగకు అది పరీక్షే కానీ డిటెక్టర్ లోపలి సర్క్యూట్ తట్టుకోలేదు. ప్యానెల్ తలుపు మాత్రం మీరు తెరవకండి, లోపల మెయిన్స్ కరెంటు ఉంటుంది.

అసలు విషయం ఇప్పటిదాకా చెప్పలేదు. బాక్స్ మార్చి, తీగ కొత్తగా బిగించాక అందరూ చేతులు దులుపుకొని వెళ్ళబోతుంటే నేను ఆపాను. కాల్ పాయింట్, అదే మెట్ల దగ్గర ఉండే ఎర్ర డబ్బా, ఒకటి నొక్కి మానిటరింగ్ సెంటర్ (మా అలారం సిగ్నల్ అందుకుని స్పందించాల్సిన బయటి ఆఫీసు) నుంచి ఫోన్ వచ్చేదాకా చూద్దాం అన్నాను. నొక్కాం. హూటర్లు మోగాయి, జనం తలుపులు తీసి చూశారు, పిల్లలు ఏడ్చారు. ఫోన్ రాలేదు. పది నిమిషాలు చూశాం. చివరికి నేనే ఫోన్ చేస్తే అవతల అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "మీ బిల్డింగ్ నుంచి చివరి సిగ్నల్ వచ్చి ఐదు నెలలైందండి" అంది. నాకు కాళ్ళు వణికాయి. ఐదు నెలలుగా మా అమ్మ ఆ ఏడో అంతస్తులో ఎవరికీ కబురందని బిల్డింగ్‌లో నిద్రపోతోంది.

ఏం జరిగిందంటే, ప్యానెల్ నుంచి బయటికి కబురు పంపే డయలర్ వేరే గదిలో చిన్న పెట్టెలో ఉంది. అది పాత రాగి తీగ ఫోన్ లైన్ మీద పనిచేసేది. ఐదు నెలల క్రితం ఆ లైన్ తీసేసి ఫైబర్ వేశారు. వేసినవాళ్ళు టెలిఫోన్‌ను కొత్త మోడెమ్‌కు పెట్టి, డయలర్ తీగను గాల్లో వదిలేశారు. డయలర్ మీద దాని ఫాల్ట్ లైటు వెలుగుతూనే ఉంది, కానీ తాళం వేసిన గదిలో. ఆ ఫాల్ట్‌ను మెయిన్ ప్యానెల్‌కు కలపాల్సిన రెండు తీగలను బిగించినవాళ్ళు మొదట్లోనే కలపలేదు. తీగ మోడెమ్‌కు పెట్టినా భరోసా ఉండేది కాదట. ఇలాంటి డయలర్లు ఫోన్ బటన్ల శబ్దాల్లాంటి టోన్లతో మాట్లాడతాయి, 110 అంటే ఫైర్, 301 అంటే మెయిన్స్ పోయింది, ఇలా అంకెలుగా. ఇంటర్నెట్ ఫోన్ లైన్ ఆ టోన్లను కుదించి పంపితే అవతల సరిగ్గా అర్థం కాకపోవచ్చు. పైగా కరెంటు పోతే మోడెమ్ కూడా పోతుంది. మంట వచ్చినప్పుడు చాలాసార్లు ముందు పోయేది కరెంటే కదా.

మరి లైన్ బాగుందని చెప్పడానికి డయలర్ నుంచి రోజూ వెళ్ళాల్సిన టెస్ట్ సిగ్నల్ ఆగిపోతే సెంటర్‌వాళ్ళు ఎందుకు అడగలేదు? ఏడు నెలల క్రితం మొదటి డిటెక్టర్ మార్చిన రోజు టెక్నీషియన్ వాళ్ళకు ఫోన్ చేసి మా బిల్డింగ్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టించాడు. తీయించడం మర్చిపోయాడు. టెస్ట్ మోడ్‌లో ఉన్న బిల్డింగ్ నుంచి ఏది వచ్చినా, ఏది రాకపోయినా వాళ్ళు పట్టించుకోరు. అంటే లైన్ బాగున్నా మాకు ఎవరూ వచ్చేవారు కాదు. మేమంతా నాలుగో జోన్ కీచు శబ్దం గురించి వాట్సాప్ గ్రూపులో ఏడు నెలలు కొట్టుకున్నాం. ఆ గోలలో డయలర్ గది తాళం తీసి చూడాలని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా.

ఇప్పుడు సెల్యులార్ మీద ఒకటి, ఇంటర్నెట్ మీద ఒకటి, రెండు దారుల్లో సిగ్నల్ వెళ్ళే పెట్టె పెట్టించాం. టెస్ట్ మోడ్‌కు ఎప్పుడూ ముగింపు టైము చెప్పి పెట్టించాలని, పని అయ్యాక తీయించామని టెక్నీషియన్ నోట్‌బుక్‌లో రాయాలని రూల్ పెట్టుకున్నాం. నెలకోసారి ఒక కాల్ పాయింట్ నొక్కుతాం, ప్రతిసారీ వేరే అంతస్తుది. అవతలి మనిషి గొంతు వినేదాకా ఆ టెస్ట్ అయినట్టు లెక్క కాదు. హూటర్ శబ్దానికి చెవులు పోతున్నాయని ఇప్పటికీ గ్రూపులో గోల పెడుతుంటారు. పెట్టనివ్వండి. రెండు నిమిషాల శబ్దం ఓర్చుకోలేమంటే ఎలా?

ఆ ఊపులోనే బ్యాటరీలు కూడా చూశాం. ప్యానెల్ 24 వోల్టులది, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసలో ఉంటాయి. మీటర్ పెడితే 27 చూపించింది, భేష్ అనుకున్నాం. అది ఛార్జర్ వోల్టేజీ అని ఆ కుర్రాడు నవ్వాడు. మెయిన్స్ ఆపి హూటర్లు మోగించాడు. రెండు నిమిషాల్లో 19కి పడిపోయింది. బయటికి తీస్తే ఒకటి ఉబ్బిపోయి ఉంది, దాని మీద మార్కర్‌తో రాసిన తేదీ ఆరేళ్ళ కిందటిది. ఇవి మూడు నుంచి ఐదేళ్ళకు మార్చాల్సినవి. బ్యాటరీని ఎప్పుడూ బరువు మోయించి చూడాలి, ఊరికే మీటర్ పెట్టి కాదు.

ఇంకో చిరాకు కూడా చెప్పేస్తాను. రంగులు వేసేవాళ్ళు డిటెక్టర్లకు కవర్లు కట్టి, పని అయ్యాక తీయకుండా పోతారు. ఫాల్స్ సీలింగ్ వేయించేవాళ్ళు డిటెక్టర్‌ను సీలింగ్ పైనే దాచేస్తారు. వీటికి పసుపు లైటు కూడా రాదు, ఎందుకంటే తీగ బాగానే ఉంటుంది. నడిచి చూడటం తప్ప దారి లేదు. మీ అంతస్తు కారిడార్లో ఈరోజే ఒకసారి తల ఎత్తి చూసుకుంటూ నడవండి.

ఇక మీ విషయం. మీ ఫాల్ట్ ఏ జోన్‌దో, ఏ టైముకు వస్తోందో మీరు రాయలేదు, అది రాసిపెట్టుకోవడం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టించండి. స్క్రీన్ మీద ఎర్త్ ఫాల్ట్ అని ఉంటే ఎక్కడో తీగ ఇన్సులేషన్ దెబ్బతిని లోహపు పైపుకో, తడి గోడకో తగులుతోందని అర్థం. దాన్నీ ఇలాగే సగం సగం చేసి వెతకాలి. రీసెట్ కొట్టే ముందు స్క్రీన్ మీది మాటలను ఫోన్‌తో ఫోటో తీయమని సెక్యూరిటీవాళ్ళకు చెప్పండి, రీసెట్ కొడితే చాలా ప్యానెళ్ళ స్క్రీన్ మీద ఆ మాట ఉండదు. డిటెక్టర్ల కొటేషన్ మీద సంతకం ఇంకో మూడు వారాలు ఆపండి. వీటన్నిటికంటే ముందు, ఇప్పుడే మీ మానిటరింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: మా బిల్డింగ్ నుంచి చివరి సిగ్నల్ ఎప్పుడు వచ్చింది? మా అకౌంట్ టెస్ట్ మోడ్‌లో ఉందా?