రెట్రో పెట్టబోతున్న మా చిన్నికి

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్ను టీమ్ లీడ్‌ను చేశారనీ, వచ్చే స్ప్రింట్ నుంచి, అంటే మీ రెండు వారాల పని విడత నుంచి, రెండు వారాలకొకసారి రెట్రోస్పెక్టివ్ (జట్టంతా కూర్చుని జరిగిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే సమావేశం, పొట్టిగా రెట్రో) పెట్టించబోతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. కానీ ఆవిడ ఇంకో మాట కూడా అంది. ఆ సమావేశంలో అందరూ రాసిన చీటీలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఎవరు ఎన్ని సమస్యలు చెప్పారో, ఎవరి వల్ల ఏ ఆలస్యం జరిగిందో లెక్క కట్టాలనుకుంటున్నావట. చిన్నప్పుడు పలక మీద గీతలు గీసి, ఎవరు ఎన్ని ఆటలు గెలిచారో సాయంత్రం అందరికీ చదివి వినిపించేదానివి. ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదన్నమాట. ఆ లెక్క గురించే ఈ ఉత్తరం.

సమావేశం నడిపే పద్ధతి గురించి నీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ. ముందు వాతావరణం కుదుర్చుకోవడం, జరిగినవి పోగుచేయడం, కారణాలు వెదకడం, ఏం చేయాలో నిర్ణయించడం, ముగించడం అని ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ రెట్రోల మీద రాసిన తమ పుస్తకంలో 2006లో చెప్పిన అయిదు దశలు నీకు తెలిసే ఉంటాయి. స్ప్రింట్లుగా పనిచేసే స్క్రమ్ పద్ధతికి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్ నెల రోజుల స్ప్రింట్‌కు గరిష్ఠంగా మూడు గంటలంటుంది కాబట్టి, మీ రెండు వారాలకు గంటన్నర దాటనివ్వకు. నోళ్లు విప్పే ముందు పది నిమిషాలు అందరూ మౌనంగా రాయాలి. లేకపోతే గొంతు పెద్దదైనవాడి అభిప్రాయమే జట్టు అభిప్రాయమైపోతుంది. లీడ్‌వి గనుక నీ మాట అన్నిటికన్నా చివర రావాలి.

ఇక నేను చేసిన పని చెబుతాను.

అప్పట్లో నేను కూడా నీలాగే కొత్తగా లీడ్‌నయ్యాను. మా జట్టులో ఒక కుర్రవాడు ఉండేవాడు. తక్కువ మాట్లాడేవాడు, రిలీజ్ రాత్రుళ్లు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల చేసే రాత్రుళ్లు, మాత్రం చివరిదాకా మేలుకునేవాడు. ఒక రెట్రోలో అతనే లేచి, క్రితం రిలీజ్‌లో డేటాబేస్ మార్పులను చేత్తో ఒక్కొక్కటిగా నడుపుతున్నప్పుడు తాను ఒక మెట్టు దాటవేశాననీ, ఆ విషయం అరగంట తరువాత తెలిసిందనీ, ఏమీ కాకపోవడం కేవలం అదృష్టమనీ చెప్పాడు. ఆ మాట వినగానే మేము చేయవలసింది ఒక్కటే: ఆ మెట్లను మనిషి చేతిలో వదలకుండా స్క్రిప్టులో పెట్టి, ప్రతిదాన్నీ సరిచూసే ఏర్పాటు చేసుకోవడం. మేము కొంతవరకు ఆ పని చేశాం కూడా. అయితే నేను మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని నోట్సు, చక్కగా రాసే మనిషిని కదా, ఎవరు ఏమన్నారో పేర్లతో సహా రాసి, మా పైఅధికారికి పంపాను. అంతా పారదర్శకంగా ఉండాలన్నది నా ఉద్దేశం. నిజం చెప్పాలంటే, నా జట్టు ఎంత నిజాయితీగా మాట్లాడుతుందో ఆయన చూడాలన్న ఆశ కూడా అందులో ఉంది. ఆ సంవత్సరం అప్రైజల్‌లో అతని కాగితం మీద "పనిలో అజాగ్రత్త" అని పడింది. దాని కింద ఉదాహరణగా ఉన్నది నా మినిట్స్‌లోని వాక్యమే.

ఎవరూ నాతో గొడవ పడలేదు. ఆ తరువాత మా రెట్రోలన్నీ సాఫీగా సాగిపోయాయి. చీటీల మీద "సమన్వయం ఇంకా మెరుగుపడాలి", "డాక్యుమెంటేషన్ పెరగాలి" లాంటి ఎవరినీ గుచ్చని మాటలే వచ్చేవి. నలభై నిమిషాల్లో ముగించి లేచిపోయేవాళ్లం, నేనేమో జట్టు కుదురుకుందని మురిసిపోయాను. ఆ తరువాతి ఏడు ఒక డిస్క్ చెడిపోయి బ్యాకప్ అవసరమైనప్పుడు బయటపడింది, ఆ బ్యాకప్‌ను ఎన్నడూ ఎవరూ తిరిగి ఎక్కించి చూడలేదని. ఒకటిన్నర రోజుల డేటా పోయింది. ఆ లోపం ఆ కుర్రవాడికి నెలల ముందే తెలుసు. "మరి చెప్పలేదేం?" అని అడిగాను. అతను కోపంగా కూడా అనలేదు: "ఒకసారి చెప్పాను కదా మేడమ్."

గోడలకు చెవులుంటాయంటారు. మా గదికి చెవిని నేనే అయ్యాను.

నార్మన్ కెర్త్ 2001లో రెట్రోస్పెక్టివ్‌లకు ఒక మూలసూత్రం పెట్టాడు: అప్పటికి తెలిసినదాన్ని, చేతిలో ఉన్న వనరులను, ఉన్న పరిస్థితిని బట్టి ప్రతివారూ తమకు చేతనైనంత బాగానే చేశారని నమ్మి మొదలుపెట్టాలి అని. ఆ సూత్రాన్ని నేనూ ప్రతిసారీ పైకి చదివేదాన్ని. చదివిన నోటితోనే పేర్లు పైకి పంపితే వినేవాళ్లు దేన్ని నమ్ముతారు? కాబట్టి, గది దాటి వెళ్లేది జట్టు తీసుకున్న నిర్ణయం మాత్రమే, అదీ పేర్లు లేకుండా. మీ మేనేజరు మినిట్స్ అడిగితే ఆ నిర్ణయాన్నే చూపించు. ఆ స్ప్రెడ్‌షీట్‌ను నువ్వు మొదలుపెట్టనే వద్దు.

అలాగే, మొదటి ఒకటి రెండు రెట్రోల్లో సమస్యలు కుప్పలుగా బయటపడితే బెదిరిపోకు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి జట్లలో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆ జట్లవాళ్లు తప్పును దాచకుండా చెప్పగలుగుతున్నారని ఆమెకు తరువాత అర్థమైంది. చీటీలు తగ్గాయంటే సమస్యలు తగ్గినట్టేనని నువ్వు నాలాగా పొరబడకూడదు.

కారణం వెదికేటప్పుడు ఒక్కో జవాబుకూ మళ్లీ 'ఎందుకు' అని అడుగుతూ పోయే టయోటా వారి అయిదు 'ఎందుకు'లు పనికొస్తాయి గానీ, అలవాటు లేనివాళ్ల చేతిలో అయిదో 'ఎందుకు' దగ్గర ఒక మనిషి పేరు తేలి, అన్వేషణ అక్కడే ఆగిపోతుంది. పేరు వచ్చిన ప్రతిసారీ "అలా జరగడానికి వీలెలా దొరికింది?" అని ఇంకో మెట్టు దిగు.

నిర్ణయాల విషయంలో అత్యాశ వద్దు. ఒక్కటి, మహా అయితే రెండు, అవీ రెండు వారాల్లో పూర్తయ్యేవి తీసుకుని, మిగతా పనులతో పాటు స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లోనే, అంటే ఆ విడత పనుల జాబితాలోనే, పెట్టండి. బాధ్యుడు ఒక్కడే ఉండాలి. "కోడ్ రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు సరిచూడటం) త్వరగా చేయాలి" అన్నది కోరిక. "ప్రతి ఉదయం కొత్త పని ముట్టుకునే ముందు ఆగి ఉన్న రివ్యూలు చూడాలి" అన్నది నిర్ణయం. తరువాతి రెట్రోను దాని సంగతి అడగడంతోనే ప్రారంభించు. చేయలేకపోతే తిట్టకుండా ఎందుకు కుదరలేదో అడుగు.

ఇంత రాశానని నువ్వు భయపడి మానేయకు సుమా. నా వయసులో ఉన్నవాళ్లు తమ గాయాన్నే అందరికీ మందుగా పూస్తారని తెలుసు. నీకు నాకన్నా ఓర్పు ఎక్కువ, వినే గుణమూ ఎక్కువే.

మొదటి రెట్రో అయ్యాక ఉత్తరం రాయి. అక్కడ ఎవరేమన్నారో మాత్రం నాకు కూడా రాయవద్దు. ఎప్పుడూ మాట్లాడనివాళ్లలో ఒక్కరైనా నోరు విప్పారో లేదో చెబితే చాలు.

ఇట్లు,
నీ పెద్దమ్మ