నీళ్లు ఎక్కువయ్యాయని మా బాబు మొండిపట్టు.. తెలివిలో లోపమా?

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. పొట్టి గ్లాసులోని నీళ్లను వాడి కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులోకి పోసినా ‘ఇప్పుడు ఎక్కువయ్యాయి’ అంటాడు. ఎంత చెప్పినా ఒప్పుకోడు. ఆడుకుంటూ తనలో తనే మాట్లాడుకుంటాడు. చిన్న కూడికకూ వేళ్లు లెక్కపెడతాడు. ఐక్యూ పరీక్ష చేయించమని బంధువులు అంటున్నారు. వాడి తెలివి ఎదగడం లేదా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు లక్షణాలూ అయిదేళ్ల పిల్లల్లో సహజంగా కనిపించేవే. వీటిని బట్టి లోపం ఉందని ఏ డాక్టరూ అనరు.

ముందు ఐక్యూ సంగతి. ఈ పరీక్షలకు మూలం 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ తయారుచేసిన ప్రశ్నావళి. బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతో గీసిన గీత, మారదు అన్న మాటను బినే గట్టిగా ఖండించారు. కొన్నేళ్ల తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాని జాన్ పియాజే పారిస్‌లో ఇలాంటి పరీక్షల మీదే పనిచేశారు. అందరూ సరైన జవాబులు లెక్కపెడుతుంటే ఆయన తప్పు జవాబుల దగ్గర ఆగారు. ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారు. అంటే పిల్లలకు తెలివి తక్కువని కాదు, వాళ్లు ఆలోచించే తీరే వేరని ఆయనకు అనిపించింది.

ఆయన చెప్పిన దశలు నాలుగు. రెండేళ్ల దాకా చూసి, తాకి, నోట్లో పెట్టుకుని నేర్చుకోవడం. రెండు నుంచి ఏడేళ్ల వరకు మాటలు, ఊహలు, ఉత్తుత్తి ఆటలు. ఏడు నుంచి పదకొండు వరకు కంటికి కనిపించే వాటి మీద తర్కం. ఆపైన కనిపించని విషయాల మీదా ఆలోచన. మీ బాబు రెండో దశలో ఉన్నాడు. గ్లాసు ఎత్తు, వెడల్పు రెంటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకోవడం ఈ వయసులో కష్టం. ఎత్తు పెరిగింది కాబట్టి నీళ్లూ పెరిగాయన్నది వాడి లెక్క. పోసిన నీళ్లను వెనక్కి పోస్తే మళ్లీ అంతే ఉంటాయన్న ఆలోచన ఇంకా కుదురుకోలేదు. మీరు వాదించి ఒప్పించినా అది పైపైనే ఉంటుంది.

అయితే పియాజే మాటే ఆఖరు కాదు. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి చెబుతాను. 1974లో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ పిల్లల ముందు రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చారు. పెద్దవాళ్లు ఒక వరుసను ఎడంగా జరిపి ‘ఇప్పుడు?’ అని అడిగితే చాలామంది ‘అందులో ఎక్కువ’ అన్నారు. అదే పని అల్లరి ఎలుగుబంటి బొమ్మ చేసినట్టు నటిస్తే, సగానికి పైగా పిల్లలు ‘రెండూ సమానమే’ అన్నారు! పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి అదే ప్రశ్న మళ్లీ అడిగితే, జవాబు కూడా మారాలి కాబోలని పిల్లలు అనుకుంటారు. కాబట్టి దయచేసి మీ బాబును రోజూ ఈ గ్లాసుల పరీక్ష పెట్టి అడగకండి. ఖాళీ గ్లాసులిచ్చి వాణ్నే పోసుకోనివ్వండి.

తనలో తను మాట్లాడుకోవడం ఎదుటివాళ్ల కోణం ఇంకా తెలియని వయసు లక్షణమని పియాజే అన్నారు. ఈ విషయంలో ఆయన కంటే రష్యన్ మనోవిజ్ఞాని లెవ్ వైగోట్‌స్కీ మాటే నాకు సబబుగా తోస్తుంది. ఇద్దరూ 1896లోనే పుట్టారు. వైగోట్‌స్కీ 37 ఏళ్లకే క్షయతో పోయారు. పని కష్టమయ్యేకొద్దీ పిల్లలు పైకి ఎక్కువగా మాట్లాడుకుంటారని ఆయన గమనించారు. ‘ఇది ఇక్కడ పెట్టాలి, ఇది పడిపోతుంది’ అనుకుంటూ పిల్లవాడు తనకు తానే దారి చెప్పుకుంటాడు. క్రమంగా ఆ మాట గుసగుసై, చివరికి మనసులో ఆలోచనగా మారుతుంది. దాన్ని ఆపించకండి. వేళ్లు లెక్కపెట్టడమూ అంతే, వేళ్లు వాడి చేతిలో ఉన్న పనిముట్లు.

వైగోట్‌స్కీ చెప్పిన మరో మాట మీకు పనికొస్తుంది. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిన దానికీ, ఎవరైనా కాస్త చేయూతనిస్తే చేయగలిగిన దానికీ మధ్య కొంత మేర ఉంటుంది. నేర్చుకోవడం జరిగేది అక్కడే. ఆటముక్కలు పేర్చేటప్పుడు మొత్తం మీరే చేసేయకుండా, ‘మూల ముక్క ఏదో వెతుకుదామా?’ అని ఒక్క సూచన ఇచ్చి ఆగండి. వాడికి పట్టు దొరికాక ఆ సూచన కూడా మానేయండి.

మరి డాక్టరును కలవాల్సింది ఎప్పుడు? వచ్చిన మాటలు, పనులు పోతుంటే ఆలస్యం చేయొద్దు. పిలిస్తే పలకకపోవడం, కొత్తవాళ్లకు వాడి మాట అర్థం కాకపోవడం, ‘బొమ్మ తీసి పెట్టెలో పెట్టు’ లాంటి రెండంచెల పని చెప్పినా చేయలేకపోవడం, తోటి పిల్లలతో కలవకపోవడం, ఉత్తుత్తి ఆటలు అసలు ఆడకపోవడం, ఫిట్స్ రావడం.. వీటిలో ఏది ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. అక్కడ కూడా మొదట చూడాల్సింది వినికిడి, చూపు. అవసరమనిపిస్తే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు. తెలివి కొలిచే పరీక్ష కావాలో వద్దో వీటి తర్వాత డాక్టరే చెబుతారు.