ఆన్‌లైన్ టెస్టులో ఏ1 వచ్చిందంటే ఇంగ్లిష్ రానట్టేనా?

మీరు ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు కూకట్‌పల్లిలో బట్టల షోరూంలో బిల్లింగ్ పని అన్నారు. ఆన్‌లైన్ టెస్ట్ రాస్తే ఏ1 వచ్చిందని, "ఇంటర్‌లో ఇంగ్లిష్‌కి మంచి మార్కులే వచ్చాయి కదా, ఏ1 అంటే ఏమీ రానట్టేనా? ఏ2కి చేరాలంటే ఏం చేయగలగాలి?" అని అడిగారు. ఏమీ రానట్టు కాదండి. కొంత వచ్చినట్టే. ఎంత వచ్చినట్టో నా అనుభవంతో చెప్తాను.

ఈ కొలతలు కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్లు 2001లో ప్రచురించినవి. అన్నిటికన్నా కింద ఏ1 నుంచి అన్నిటికన్నా పైన సీ2 దాకా ఆరు మెట్లు. ఒక్క ఇంగ్లిష్‌కే కాదు, ఏ భాషకైనా పనికొస్తాయి. వాటిలో నాకు నచ్చింది ఒకటుంది. ఎన్ని టెన్సులు వచ్చో అవి అడగవు, ఆ భాషతో ఏ పని చక్కబెట్టగలరో అడుగుతాయి. మన పరీక్షలు అడిగేది వేరు. మీ మార్కులకీ మీ ఏ1కీ పొంతన కుదరనిది అందుకే.

నాది సూర్యాపేట దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఎస్ఆర్ నగర్ హాస్టల్‌లో దిగి అమీర్‌పేటలో 45 రోజుల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాను. రోజుకో గంట. బోర్డు మీద 12 టెన్సుల పట్టిక. ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ గురించి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఇప్పటిదాకా దాంతో నాకు పని పడింది లేదు. ఆ తర్వాత బంజారాహిల్స్‌లో ఒక గెస్ట్‌హౌస్ రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికింది. చుట్టూ పెద్దాసుపత్రులు. ఒమన్ నుంచి, సూడాన్ నుంచి, సోమాలియా నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు దిగేవారు.

మొదటి రాత్రి టెన్షన్‌తో చెమటలు పట్టాయి. తీరా చూస్తే వచ్చినాయన ఇంగ్లిష్ కూడా నా అంతే. "నేమ్? కంట్రీ? హౌ మెనీ డేస్? పాస్‌పోర్ట్ ప్లీజ్." ఆయన వేళ్లతో రోజులు చూపించాడు, నేను కాగితం మీద అద్దె రాసి చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం, పని అయిపోయింది. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఫారం-సి అనే పత్రంలో నింపి ప్రభుత్వానికి పంపాలని అప్పట్లో నియమం. ఆ వివరాలన్నీ నేనే అడిగి నింపాను. చాలా కాలం తర్వాత ఆ యూరప్ వాళ్ల పట్టిక చూస్తే, ఏ1లో రాయడం దగ్గర ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే: హోటల్ ఫారంలో పేరు, దేశం, చిరునామా నింపగలగడం! అంటే నేను రోజూ జీతం తీసుకుంటూ చేసిన పని ఏ1 పనే.

మీ పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల గురించి చెప్పడం, ఎదుటివాళ్లని అవే అడగడం, ధరలు, టైము, బోర్డుల మీద తెలిసిన మాటలు పోల్చుకోవడం, ఇంతే ఏ1. అంకెలు మీకు ఎలాగూ వచ్చు. బడి మొహం చూడని మా అమ్మ కూడా ఫోన్ నంబరు "డబుల్ నైన్" అంటూ ఇంగ్లిష్‌లోనే చెప్తుంది. అయితే ఏ1లో ఒక షరతు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఎదుటి మనిషి నిదానంగా, స్పష్టంగా మాట్లాడాలి, మనకి సాయం చేసే ఉద్దేశం ఉండాలి. గబగబా మాట్లాడే కస్టమర్ మాట మీకు అందలేదంటే మీ బుర్ర మొద్దని కాదు. "స్లోలీ ప్లీజ్" అని అడగడం కూడా ఆ మెట్టులో నేర్చుకోవాల్సిన విద్యే.

ఆ షరతు తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒమన్ పెద్దాయనకి తోడుగా లండన్‌లో చదువుకునే మనవడు వచ్చాడు. స్కాన్ రిపోర్టులు ల్యాబ్ కుర్రాడు తెచ్చి మా కౌంటర్‌లో ఇవ్వాలి. మనవడు రూమ్ నుంచి ఫోన్ చేసి, "హేవంట్ ద రిపోర్ట్స్ కమ్?" అన్నాడు. "రిపోర్టులు రాలేదా?" అని తెలుగులో అడిగితే మనం "అవును, రాలేదు" అంటాం కదా. నేను ధీమాగా "ఎస్ సర్" అని పెట్టేశాను. పది నిమిషాల్లో తాతగారిని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టుకుని లిఫ్ట్‌లో కిందికి దిగాడు. వాకిట్లో ఆసుపత్రికి కారు కూడా వచ్చేసింది. రిపోర్టులు మాత్రం లేవు. ఇంగ్లిష్‌లో అలాంటి ప్రశ్నకి, రాకపోతే "నో" అనాలి. 12 టెన్సుల్లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఆ రోజు ఇంకోటి కూడా తెలిసొచ్చింది. జరిగింది చెప్పుకుని క్షమాపణ అడుగుదామంటే నోట్లోంచి "సారీ సర్" తప్ప మాట రాలేదు. "పొద్దున ల్యాబ్‌కి ఫోన్ చేశాను, సాయంత్రం ఇస్తామన్నారు" అనే రెండు ముక్కలు చెప్పగలిగితే సరిపోయేది. అవి చెప్పడానికి కావాల్సింది ఏ2. నిన్న ఏం చేశారు, మీ ఉద్యోగం ఏమిటి, మీ కాలనీ ఎలా ఉంటుంది, ఇక్కణ్ణుంచి మెట్రో స్టేషన్‌కి ఎలా వెళ్లాలి, ఇలాంటివి చిన్న చిన్న వాక్యాలు కలిపి చెప్పడం. మెనూలో, టైంటేబుల్‌లో కావాల్సింది వెతుక్కోవడం. "రేపు లేటుగా వస్తాను" అని మేనేజర్‌కి మెసేజ్ పెట్టడం. చిన్న అనౌన్స్‌మెంట్‌లో అసలు విషయం పట్టుకోవడం. ఇంకో మాట, ఏ2 వచ్చినవాళ్లు కూడా కుశల ప్రశ్నల వరకు మాట్లాడగలరు కానీ సంభాషణని తామే ముందుకు లాగలేరని ఆ పట్టికలోనే ఉంది. "మాట మధ్యలో ఆగిపోతోంది" అని మీరు బాధపడ్డారు చూడండి, అది ఏ2లో కూడా మామూలే.

ఇక ఎంతకాలం? సున్నా నుంచి ఏ2కి సుమారు 180 నుంచి 200 గంటలు పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల వాళ్ల అంచనా. నా కోర్సు మొత్తం కలిపితే 45 గంటలు. "30 రోజుల్లో గలగలా" అనే పోస్టర్ల సంగతి మీరే లెక్కేసుకోండి.

నాకు పనికొచ్చినవి రెండే. మెట్రోలో అనౌన్స్‌మెంట్ తెలుగులోనూ వస్తుంది, ఇంగ్లిష్‌లోనూ వస్తుంది. మియాపూర్ వైపు వెళ్తూ ఇంగ్లిష్‌లో వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినేవాణ్ణి. స్టేషన్ పేరు ఎలాగూ తెలిసిందే, మిగతా మాటలు వారంలో విడివిడిగా వినపడసాగాయి. రెండోది, రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగినవి ఐదు వాక్యాల్లో ఫోన్‌లో రికార్డు చేసుకోవడం. తప్పులు దిద్దేవాణ్ణి కాదు, వారం తర్వాత వింటే అవే తెలిసిపోయేవి. "ఐ డిడ్ వెంట్" అన్నది నా చెవికే గుచ్చుకున్నాక మానేశాను.

మీరైతే కౌంటర్‌లోనే మొదలుపెట్టండి. మీ షాపుకొచ్చేవాళ్లు అడిగేవి మహా అయితే 20 ప్రశ్నలు ఉంటాయి: సైజు, రంగు, డిస్కౌంట్, మార్చుకోవడం, కార్డు, క్యారీ బ్యాగ్. వాటికి జవాబులు రాసుకుని పైకి చదవండి. "డోంట్ యూ హేవ్ ఎక్స్‌ఎల్?" అని అడిగితే, లేనప్పుడు "నో మేడమ్" అనండి. నాలాగా "ఎస్" అన్నారో, ఆవిడ ఎక్స్‌ఎల్ కోసం అక్కడే నిలబడి ఉంటుంది.