రసాయన చర్యలతో సినిమా తీస్తానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. సెలవులకు వస్తే గాజు పళ్లెంలో ఏవో ద్రావణాలు కలపడం, ఫోన్‌కు మాక్రో లెన్స్ తగిలించి వీడియో తీయడం, బుడగల చప్పుడు రికార్డు చేయడం. కథ ఉండదు, మనుషులుండరు. ప్రయోగాత్మక సినిమాయే తన కెరీర్ అంటోంది. ఎమ్మెస్సీ చేయించాలని మా కోరిక. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇలాంటి సినిమాలు తీసినందుకు నెలనెలా జీతం ఇచ్చే ఉద్యోగం దాదాపు లేనట్టే. తీసేవాళ్లలో ఎక్కువమంది వేరే పని చేసుకుంటూనే తీస్తారు. ఆ వేరే పని ఏదన్నది తేలితే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

అలాగని ఇది పనికిమాలిన పిచ్చేమీ కాదు. 2006లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ది ఫౌంటెన్’లో అంతరిక్ష దృశ్యాల కోసం చిన్న పళ్లేల్లో జరిగే రసాయన చర్యలను దగ్గరగా చిత్రీకరించి వాడారు. 2011 నాటి ‘ది ట్రీ ఆఫ్ లైఫ్’లోనూ విశ్వం పుట్టుక చూపడానికి రంగులు, రసాయనాలు, పొగ పనికొచ్చాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం బుడగల చప్పుడు. రంగులు కలిపి వీడియో తీసే పిల్లలు చాలామందే ఉన్నారు, చెవి పెట్టి వినేవాళ్లు తక్కువ. నీటిలో 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న గాలి బుడగ సుమారు 3 వేల హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 3 వేల కంపనాలతో మోగుతుంది. బుడగ పెద్దదయ్యేకొద్దీ స్వరం దిగుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో తక్కువ ధరకే దొరికే పీజో డిస్క్‌ను (కంపనాలను పట్టి మైకులా పనిచేసే చిన్న బిళ్ల) బీకరు బయట అంటించి రికార్డు చేసుకోమనండి, తేడా తనకే తెలుస్తుంది. ఈ చెవికి సౌండ్ డిజైన్‌లో, అంటే దృశ్యాలకు తగ్గ శబ్దాలు సమకూర్చడంలో పని దొరుకుతుంది. హైదరాబాద్ స్టూడియోల్లో సినిమాలకు, సిరీస్‌లకు, ప్రకటనలకు ఆ పని నడుస్తూనే ఉంటుంది. మొదట్లో అసిస్టెంట్‌గా తక్కువ డబ్బుకే చేయాలి, అది మాత్రం తప్పదు.

పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రెండింటిలోనూ సౌండ్‌లో పీజీ ఉంది. ఎఫ్‌టీఐఐకి ఏ డిగ్రీ అయినా పర్వాలేదు కానీ ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ అయినా, బైపీసీ అయినా ఆ చిక్కు లేదు. దృశ్యం వైపే మొగ్గితే అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీలో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) చూడొచ్చు. మళ్లీ మొదటి ఏడాదిలో బీడిజైన్‌కు కూర్చుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. చేతిలో ఉన్న కెమిస్ట్రీ డిగ్రీయే ఆమె బలం.

ఒక జాగ్రత్త. రంగు వలయాలు తిరిగే బెలౌసోవ్-జబొటిన్‌స్కీ చర్య మీద ఇలాంటి పిల్లల కన్ను ఎప్పటికైనా పడుతుంది. అందులో విషపూరితమైన బ్రోమిన్ ఆవిరి రావచ్చు. అది కాలేజీ ల్యాబ్‌లో, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద, లెక్చరర్ ఉన్నప్పుడే చేయాలి. ఇంట్లో అయితే వెనిగర్, వంటసోడా చాలు. మైలుతుత్తం కూడా విషమే కాబట్టి వంటింటి గిన్నెల్లో కలపనివ్వకండి.

వచ్చే వేసవికల్లా ఐదు నిమిషాల సినిమా ఒకటి పూర్తి చేయమనండి. ఏ ద్రావణం, ఎంత గాఢత, మైకు ఎక్కడ పెట్టిందీ నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ కూడా చూపించుకోవచ్చు. ఆఖరి ఏడాదిలో ఎమ్మెస్సీ కోసం ఏపీ పీజీసెట్‌కూ, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లకూ రెండింటికీ దరఖాస్తు పెట్టించండి. ఖరీదైన కెమెరా అడిగితే ఇప్పుడే వద్దు. ట్రైపాడ్, చిన్న ఎల్ఈడీ లైటు కొనివ్వండి.